వీపీఎన్ మధ్యలో తెగిపోతే మీ అసలు ఐపీ బయటపడకుండా ఏం చేయాలి

వీపీఎన్ అంటే మన నెట్‌ని వేరే సర్వర్ మీదుగా పంపి, మన ఐపీ, అంటే నెట్‌లో మన అడ్రస్, అవతల సైటుకి కనపడకుండా చేసేది. దాన్ని వాడేవాళ్లలో చాలామంది కనెక్ట్ నొక్కి పైన తాళంచెవి గుర్తు కనపడగానే ఇంక దాని సంగతి మర్చిపోతారు. అది ఎప్పుడు పోయిందో ఎవరూ చూడరు, ఎందుకంటే నెట్ ఆగదు కదా, రీల్స్ వస్తూనే ఉంటాయి మెసేజ్‌లు వెళ్తూనే ఉంటాయి. అసలు తంటా అక్కడే. వీపీఎన్ తెగడం మామూలే, ఫ్రీదైనా తెగుద్ది నెలనెలా డబ్బు కట్టేదైనా తెగుద్ది. తెగినప్పుడు నెట్ కూడా ఆగిపోతే మనకి తెలిసిపోద్ది, కానీ ఫోన్ అలా చెయ్యదు, చప్పుడు లేకుండా మళ్లీ మామూలు జియో, ఎయిర్‌టెల్ దారిలోకి మార్చేసి పని కానిచ్చేస్తుంది. కాబట్టి మనం చెయ్యాల్సింది వీపీఎన్ తెగకుండా చూడ్డం ఒక్కటే కాదు, తెగినప్పుడు నెట్ కూడా ఆగిపోయేలా చూడ్డం. కింద రాసిందంతా ఆ ఏర్పాటు గురించే.

ముందు లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకుంటే సెట్టింగ్స్ ఎందుకు మారుస్తున్నామో అర్థమవుద్ది. వీపీఎన్ కనెక్ట్ అయినప్పుడు మీ ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో ఒక వర్చువల్ నెట్‌వర్క్ అడాప్టర్, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన నెట్ ద్వారం లాంటిది పుడుతుంది, రూటింగ్ టేబుల్లో, అంటే ట్రాఫిక్ ఏ దారిన పోవాలో రాసి ఉండే పట్టికలో, ఇకనుంచి ట్రాఫిక్ అంతా దీంట్లోంచే పోవాలి అని ఒక ఎంట్రీ పడుతుంది. వీపీఎన్ యాప్ క్రాష్ అయినా, ఫోనే దాన్ని చంపేసినా ఆ అడాప్టర్ మాయం, దాంతో పాటు ఆ ఎంట్రీ కూడా మాయం. ఇంక మిగిలేది పాత వైఫై ఎంట్రీ, సిస్టమ్ దాన్నే వాడేస్తుంది, దాని దృష్టిలో అందులో తప్పేం లేదు. ఓపెన్ అయి ఉన్న యాప్‌లన్నీ కనెక్షన్ పోయిందని గమనించి కొన్ని సెకన్లలోనే వాటంతట అవే మళ్లీ కనెక్ట్ అవుతాయి, ఈసారి మీ అసలు ఐపీతో. మీరు ఏమీ క్లిక్ చెయ్యక్కర్లేదు.

ఇక్కడ ఏం బయటపడుద్ది ఏం బయటపడదు అన్నది కూడా సరిగ్గా తెలియాలి, లేకపోతే ఒకళ్లు అనవసరంగా భయపడతారు ఇంకొకళ్లు అసలు పట్టించుకోరు. హెచ్‌టీటీపీఎస్ ఉన్న, అంటే అడ్రస్ https తో మొదలయ్యే సైట్లలో మీరు టైప్ చేసేది, పాస్‌వర్డ్, మెసేజ్ లాంటివి వీపీఎన్ తెగినంత మాత్రాన ఎవరికీ కనపడవు, డేటాని ఎవరూ చదవలేని కోడ్‌గా మార్చే ఆ ఎన్‌క్రిప్షన్ వేరే, అది అలాగే ఉంటుంది. బయటపడేది ఏంటంటే, అవతల సైటుకి మీ అసలు ఐపీ, మీ నెట్ కంపెనీకి మీరు ఏ సైట్లకి వెళ్తున్నారో ఆ పేర్లు. దీనికన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. మీరు ఒక అకౌంట్లో వీపీఎన్ మీద లాగిన్ అయి ఉన్నారు అనుకోండి, మధ్యలో పది సెకన్లు తెగింది, అదే లాగిన్ మీ ఇంటి ఐపీ నుంచి కూడా వచ్చింది. ఇప్పుడు ఆ సైటు రికార్డుల్లో ఒకే అకౌంట్ పక్కన రెండు ఐపీలు ఉంటాయి, అంటే అంతకుముందు మీరు వీపీఎన్ మీద చేసిందంతా ఇంటి ఐపీతో ముడిపడిపోయినట్టే.

ఇప్పుడే తెగిందని గమనిస్తే

అందరూ చేసే మొదటి పని కంగారుగా రీకనెక్ట్ నొక్కడం. అది వద్దు, రీకనెక్ట్ అవడానికి పట్టే ఆ కొన్ని సెకన్లు కూడా మిగతా యాప్‌లన్నీ బయటకి మాట్లాడుతూనే ఉంటాయి. ముందు ఫ్లైట్ మోడ్ వెయ్యండి, ల్యాప్‌టాప్ అయితే వైఫై ఆఫ్ చెయ్యండి లేదా కేబుల్ పీకెయ్యండి. తర్వాత వీపీఎన్ మీద వాడుతున్న బ్రౌజర్ ట్యాబ్‌లు, యాప్‌లు పూర్తిగా క్లోజ్ చెయ్యండి, రీసెంట్స్ లోంచి కూడా తీసెయ్యండి. అప్పుడు నెట్ ఆన్ చేసి, వీపీఎన్ కనెక్ట్ చేసి, ఐపీ చూపించే ఏదో ఒక సైట్ ఓపెన్ చేసి వీపీఎన్ ఐపీనే కనిపిస్తుందని చూసుకున్నాకే మిగతావి తెరవండి.

ఒకసారి అవతలోడి సర్వర్లో పడ్డ ఐపీని వెనక్కి తీసుకోలేం. రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఐపీ మారిపోద్ది కదా అంటారు, చాలా కనెక్షన్లలో మారుద్ది నిజమే, కానీ ఆ టైముకి ఆ ఐపీ ఎవరి దగ్గర ఉందో నెట్ కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది. మన దేశంలో టెలికాం లైసెన్స్ రూల్ ప్రకారం ఇలాంటి రికార్డులు రెండేళ్లు దాచాలి, 2021 డిసెంబర్ దాకా ఏడాదే ఉండేది, అప్పుడు పెంచారు. మొబైల్ డేటాలో వేలమందికి కలిపి ఒకే ఐపీ ఇస్తారు కాబట్టి మనం దొరకం అనుకునేవాళ్లు కూడా ఉన్నారు, ఒక్కో కనెక్షన్‌కి పడే పోర్ట్ నంబరు, టైము కలిపి చూస్తే నెట్ కంపెనీ మనిషిని పట్టుకోగలదు.

ఆండ్రాయిడ్‌లో

మన దగ్గర ఎక్కువమంది చేతిలో ఉండేది ఇదే, అదృష్టం ఏంటంటే ఈ విషయంలో ఐఫోన్ కన్నా ఆండ్రాయిడే నయం. వీపీఎన్ తెగగానే నెట్ ఆపేసే కిల్ స్విచ్ అని యాప్ లోపల ఉంటుంది కదా, దాన్ని మించింది సిస్టమ్‌లోనే ఉంది. సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో వీపీఎన్ అని కొట్టండి, ఒక్కో కంపెనీ ఒక్కో చోట దాస్తుంది కాబట్టి వెతకడమే తేలిక, శాంసంగ్‌లో అయితే కనెక్షన్స్, మోర్ కనెక్షన్ సెట్టింగ్స్ లోపల ఉంటుంది. అక్కడ మీ వీపీఎన్ యాప్ పేరు, పక్కన గేర్ గుర్తు ఉంటుంది. అది నొక్కితే రెండు స్విచ్‌లు, ఒకటి ఆల్వేస్ ఆన్ వీపీఎన్, రెండోది బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్. మొదటిది ఫోన్ ఆన్ అయినప్పుడు వీపీఎన్‌ని దానంతట అదే మొదలుపెడుతుంది, పడిపోతే మళ్లీ లేపుతుంది. రెండోది ఉందే, అదీ అసలు సరుకు, వీపీఎన్ లేకపోతే ఏ యాప్‌కీ నెట్ ఇవ్వదు. ఇంట్లో ఎంసీబీ పడ్డట్టు అన్నమాట, తేడా రాగానే లైను మొత్తం కట్. మొదటిది ఆండ్రాయిడ్ 7లో, రెండోది ఆండ్రాయిడ్ 8లో వచ్చాయి కాబట్టి మీ ఫోన్ మరీ పాతది కాకపోతే రెండూ ఉంటాయి. గేర్ గుర్తు కనపడకపోతే యాప్‌ని ఒకసారి కనెక్ట్ చేసి మళ్లీ చూడండి, అయినా ఆ స్విచ్‌లు పనిచెయ్యకపోతే ఆ యాప్ వీటికి సపోర్ట్ ఇవ్వట్లేదని అర్థం, యాప్ మార్చుకోండి.

ఇది కూడా వందకి వంద కాదు. ఈ బ్లాక్ ఆన్‌లో ఉన్నా కూడా ఫోన్ కొత్త వైఫైకి కనెక్ట్ అయినప్పుడు నెట్ వస్తుందా లేదా అని చూసుకునే చిన్న చెక్ వీపీఎన్ బయటనుంచే పోతుందని ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ 2022లో బయటపెట్టింది. మామూలు మనిషికి దానివల్ల పెద్దగా పోయేదేం లేదు, మీరు ఏ సైటు చూస్తున్నారో అందులో ఉండదు. కానీ ప్రాణం మీదకి వచ్చే పని చేసేవాళ్లు, అంటే సోర్సుని కాపాడాల్సిన రిపోర్టర్లు లాంటివాళ్లు ఒక్క ఫోన్ సెట్టింగ్ మీద ఆధారపడకూడదు.

ఇప్పుడు మనవాళ్లందరికీ తగిలే దెబ్బ, యూపీఐ. బ్యాంక్ యాప్‌లు, పేమెంట్ యాప్‌లు చాలావరకు వీపీఎన్ ఉంటే మొరాయిస్తాయి. దానికని వీపీఎన్ యాప్‌లో స్ప్లిట్ టన్నెలింగ్ పెట్టి బ్యాంక్ యాప్‌ని బయట ఉంచుతాం. బాగానే ఉంది, కానీ మీరు పైన చెప్పిన రెండో స్విచ్ ఆన్ చేస్తే, వీపీఎన్ బయట ఉంచిన యాప్‌కి కూడా నెట్ ఉండదు, ఎందుకంటే సిస్టమ్‌కి తెలిసింది ఒకటే, వీపీఎన్ లోంచి రానిది ఏదైనా సరే ఆపెయ్యడం. కిరాణా కొట్టు దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి అది తిరుగుతూనే ఉంటే వెనకాల వాళ్లు చూస్తుంటారు, మనం అక్కడే నిలబడి సెట్టింగ్స్‌లో వీపీఎన్ అని వెతుక్కుంటాం. విసుగొచ్చి ఆ స్విచ్ శాశ్వతంగా ఆఫ్ చేసేవాళ్లే ఎక్కువ.

దీనికి నాకు నచ్చిన మార్గం వర్క్ ప్రొఫైల్, అంటే ఫోన్లోనే కొన్ని యాప్‌లకి విడిగా ఉండే ఇంకో గది లాంటిది. ఆండ్రాయిడ్‌లో వీపీఎన్ ప్రొఫైల్‌కి ఒకటి లెక్కన పనిచేస్తుంది, మెయిన్ ప్రొఫైల్‌లో పెట్టింది వర్క్ ప్రొఫైల్‌కి వర్తించదు. షెల్టర్, ఐలాండ్ లాంటి యాప్‌తో వర్క్ ప్రొఫైల్ చేసుకుని బ్యాంకు, యూపీఐ యాప్‌లు అందులో పెట్టేసుకుంటే అవి మామూలు నెట్ మీద నడుస్తాయి, మెయిన్ ప్రొఫైల్ మాత్రం గట్టిగా లాక్ అయి ఉంటుంది. కొన్ని బ్యాంక్ యాప్‌లు వర్క్ ప్రొఫైల్ అంటే కూడా గొడవ చేస్తాయి, అలాంటప్పుడు ఇంట్లో ఉన్న పాత ఫోన్‌ని యూపీఐకి వదిలెయ్యడమే. ఇదే రూల్ తిరగేసి కూడా గుర్తుపెట్టుకోండి, ఆల్రెడీ వర్క్ ప్రొఫైల్ గానీ షావోమీ ఫోన్లలో ఉండే సెకండ్ స్పేస్ గానీ వాడుతుంటే అక్కడ ఉన్న యాప్‌లకి మీ మెయిన్ వీపీఎన్ లేదు. తాళంచెవి గుర్తు చూసి అంతా సేఫ్ అనుకోవద్దు.

హాట్‌స్పాట్ విషయం కూడా అంతే. ఫోన్లో వీపీఎన్ ఆన్ చేసి హాట్‌స్పాట్ ఇస్తే ల్యాప్‌టాప్ కూడా వీపీఎన్ లోంచే పోతుందని చాలామంది నమ్మకం. పోదు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో హాట్‌స్పాట్ ట్రాఫిక్ వీపీఎన్‌ని పక్కనుంచి దాటి నేరుగా వెళ్లిపోద్ది. ల్యాప్‌టాప్‌లో విడిగా వీపీఎన్ పెట్టుకోవాల్సిందే.

ఇంక ఫోన్ వీపీఎన్‌ని చంపడం గురించి. మన దగ్గర అమ్ముడుపోయే రెడ్‌మీ, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లలో వీపీఎన్ తెగడానికి సగం కారణం సర్వరూ కాదు నెట్టూ కాదు, బ్యాటరీ ఆదా చేసే సిస్టమ్. స్క్రీన్ ఆఫ్ అయ్యాక కాసేపటికి బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న యాప్‌ని చంపేస్తుంది. యాప్ ఇన్ఫోలోకి వెళ్లి బ్యాటరీ దగ్గర నో రిస్ట్రిక్షన్స్ లేదా అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి, ఆటోస్టార్ట్ అని ఉంటే ఆన్ చెయ్యండి, రీసెంట్స్‌లో యాప్‌ని లాక్ చేసే వీలుంటే లాక్ చెయ్యండి. క్లీనర్, బూస్టర్ అని వచ్చే యాప్‌లు పెట్టుకుని ఉంటే పీకిపారెయ్యండి, అవి చేసే మొదటి పనే ఇలాంటి యాప్‌ల్ని చంపడం.

ఐఫోన్‌లో

ఇక్కడ ఆండ్రాయిడ్‌లో ఉన్నట్టు సిస్టమ్ స్విచ్ మామూలు వాడకందారుకి లేదు. ఆల్వేస్ ఆన్ వీపీఎన్ అనేది ఆఫీసులు మేనేజ్ చేసే ఫోన్లకే. మనకి ఉన్నది సెట్టింగ్స్‌లో వీపీఎన్ పక్కన ఐ గుర్తు నొక్కితే వచ్చే కనెక్ట్ ఆన్ డిమాండ్, అది ఆన్ చేస్తే తెగినప్పుడు మళ్లీ కనెక్ట్ అవుద్ది, కానీ మధ్యలో గ్యాప్‌ని గట్టిగా ఆపే బాధ్యత తీసుకోదు. ప్రోటాన్ లాంటి యాప్‌లలో కిల్ స్విచ్ ఉంది, అది ఆన్ చేసుకోండి. ఇంకో చిక్కు, వీపీఎన్ ఆన్ చెయ్యకముందే తెరిచి ఉన్న కనెక్షన్లని ఐఫోన్ తెంపదని, అవి వీపీఎన్ బయటే అలా నడుస్తూ ఉంటాయని ప్రోటాన్ వాళ్లే 2020లో బయటపెట్టారు. వాళ్లు చెప్పిన చిట్కా, వీపీఎన్ కనెక్ట్ చేశాక ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చెయ్యడం, దాంతో పాత కనెక్షన్లు తెగి కొత్తవి వీపీఎన్ లోంచి వస్తాయి, చాలావరకు, అన్నీ అని వాళ్లు కూడా గ్యారంటీ ఇవ్వలేదు.

విండోస్ ల్యాప్‌టాప్‌లో

ఇక్కడ కిల్ స్విచ్ యాప్‌దే, కానీ పేర్లు రకరకాలు. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్ వాళ్లు నెట్‌వర్క్ లాక్ అంటారు, విండ్‌స్క్రైబ్ వాళ్లు ఫైర్‌వాల్ అంటారు, ముల్వాడ్‌లో లాక్‌డౌన్ మోడ్ అని ఉంటుంది. పేరు కన్నా ముఖ్యం అది ఏ రకం అన్నది. కొన్ని యాప్‌లలో కిల్ స్విచ్ అంటే మీరు ఎంచుకున్న ప్రోగ్రాంలని మాత్రం మూసేస్తుంది, మిగతావి దర్జాగా బయటకి పోతాయి. కొన్నిట్లో మొత్తం నెట్ ఆపుతుంది కానీ కనెక్షన్ అనుకోకుండా తెగితేనే, మీరే డిస్‌కనెక్ట్ నొక్కినా సిస్టమ్ రీస్టార్ట్ అయినా ఆపదు. మూడో రకం, వీపీఎన్ లేకపోతే ఎప్పుడూ నెట్ లేదు, రీస్టార్ట్ చేసినా సరే. ల్యాప్‌టాప్ ఆన్ అవ్వగానే మీరు వీపీఎన్ తెరిచేలోపే వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, టెలిగ్రామ్ అన్నీ సింక్ అయిపోతాయి కాబట్టి అవసరం గట్టిగా ఉన్నవాళ్లకి ఈ మూడోదే కావాలి. సెట్టింగ్స్‌లో పర్మనెంట్, అడ్వాన్స్‌డ్, స్ట్రిక్ట్ ఇలాంటి మాట ఏదైనా పక్కన ఉందేమో చూడండి.

వైర్‌గార్డ్ అనేది వీపీఎన్ కనెక్ట్ అయ్యే పద్ధతుల్లో ఒకటి, దాని సొంత యాప్ వాడేవాళ్లకి పని ఇంకా తేలిక. టన్నెల్, అంటే వీపీఎన్ కనెక్షన్, ఎడిట్ చేసే విండోలో కింద బ్లాక్ అన్‌టన్నెల్డ్ ట్రాఫిక్ అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది, అలోడ్ ఐపీస్ దగ్గర ట్రాఫిక్ మొత్తం, అంటే సున్నాలన్నీ ఉన్న రేంజ్ ఇచ్చి ఉంటేనే అది కనపడుద్ది. టిక్ పెట్టండి అంతే. వైర్‌గార్డ్‌లో ఇంకో మంచి గుణం ఉంది, సర్వర్ పడిపోయినా ఇక్కడ అడాప్టర్ అలాగే ఉంటుంది కాబట్టి ట్రాఫిక్ దాంట్లోకే పోయి చస్తుంది తప్ప పక్కకి దాటదు. టన్నెల్‌ని మీరే ఆపినా, యాప్ చచ్చినా తప్ప లీక్ ఉండదు. ఫైర్‌వాల్ రూల్స్ చేత్తో రాసుకోవడం కూడా ఒక పద్ధతే, చేసేవాళ్లు ఉన్నారు, కానీ ఒక రూల్ తప్పితే ఆగాల్సింది ఆగదు ఆగకూడనిది ఆగుద్ది, అంత ఓపిక లేకపోతే దాని జోలికి పోవద్దు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో గ్లోబల్‌ప్రొటెక్ట్, ఎనీకనెక్ట్ లాంటి ఆఫీసు వీపీఎన్‌లు ఉంటాయి, ఇంటినుంచి పనిచేసే మనవాళ్లకి బాగా పరిచయం. అవి మీ ప్రైవసీకి పెట్టినవి కాదు, ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రావడానికి పెట్టినవి, వాటి సెట్టింగ్ కంపెనీ చేతిలో ఉంటుంది. వాటి మీద ఇంకో వీపీఎన్ ఎక్కించి ప్రయోగాలు చేస్తే ఐటీ టీమ్ నుంచి మెయిల్ వస్తుంది.

టోరెంట్ వాడేవాళ్లకి ఒక్క మాట, లైనక్స్ ఐఎస్ఓలే, అంటే ఉచితంగా ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లే, దించుకుంటున్నారనుకుందాం. టోరెంట్‌లో మీ ఐపీ అవతల ఉన్న ప్రతి ఒక్కడికీ కనపడుద్ది కాబట్టి ఒక్క సెకను తెగినా లెక్కే. క్యూబిట్‌టోరెంట్‌లో టూల్స్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ అని ఉంటుంది, అక్కడ ఎనీ ఇంటర్‌ఫేస్ తీసేసి మీ వీపీఎన్ అడాప్టర్ ఎంచుకోండి. ఇంక వీపీఎన్ లేకపోతే దానికి దారే ఉండదు. కిల్ స్విచ్ ఫెయిలైనా ఇది పనిచేస్తుంది.

అసలు తక్కువ తెగేలా చేసుకోవడం

ఫోన్లో వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినప్పుడే ఎక్కువ తెగుద్ది. ప్రోటోకాల్ ఎంచుకునే చోట ఓపెన్‌వీపీఎన్ ఉంటే మార్చి వైర్‌గార్డ్ గానీ ఐకేఈవీ2 గానీ పెట్టండి, ఈ రెండూ నెట్‌వర్క్ మారినా పడిపోకుండా అలాగే కొనసాగేలా తయారుచేసినవి. కాసేపు వాడకపోతే కనెక్షన్ చచ్చిపోతుంటే వైర్‌గార్డ్‌లో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ దగ్గర 25 అని పెట్టండి, 25 సెకన్లకి ఒకసారి చిన్న ప్యాకెట్ పోయి రూటర్‌లో దారి మూసుకుపోకుండా చూస్తుంది, బ్యాటరీ కొంచెం తింటుంది. ఇంట్లో కరెంట్ పోయి వస్తే రూటర్ రీస్టార్ట్ అవ్వడం, ఫోన్ మొబైల్ డేటాకి దూకడం, మళ్లీ వైఫైకి రావడం, ఇన్ని మార్పుల్లో ఎక్కడో ఒకచోట వీపీఎన్ జారుతుంది, రూటర్‌కి ఒక చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఈ గోల చాలావరకు పోతుంది, ఎండాకాలం కోతలున్న ఊళ్లలో ఇది వీపీఎన్ సబ్‌స్క్రిప్షన్ కన్నా ముందు కొనాల్సిన వస్తువు.

సైట్ పేరుకి ఐపీ ఏదో చెప్పే డీఎన్ఎస్ సంగతి కూడా చూసుకోండి. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంది, అందులో క్వాడ్‌నైన్ లాంటి డీఎన్ఎస్ సర్వీసు వాళ్ల హోస్ట్ పేరు ఇస్తే వీపీఎన్ తెగిన ఆ కాస్త సేపు కూడా సైట్ పేర్ల కోసం ఫోన్ అడిగే ప్రశ్నలు మీ నెట్ కంపెనీ సర్వర్‌కి పోవు, ఎన్‌క్రిప్ట్ అయి బయటకి పోతాయి. ఐపీ మాత్రం దీంతో దాగదు, సైట్ పేరు కనెక్షన్ మొదట్లో ఇంకో రకంగా కూడా కనపడుద్ది, కాబట్టి ఇది అదనపు పొర మాత్రమే, కిల్ స్విచ్‌కి బదులు కాదు. కొన్ని వీపీఎన్ కంపెనీలు తమ డీఎన్ఎస్సే వాడమంటాయి, అప్పుడు రెండూ కలిపితే గొడవొస్తుంది, వాళ్ల హెల్ప్ పేజీ చూడండి.

ఐపీవీ6, అంటే పాత ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త రకం ఐపీ అడ్రస్, ఇంకోటి. జియోలో ఐపీవీ6 ఎప్పట్నుంచో ఉంది. మీ వీపీఎన్ ఐపీవీ4 మాత్రమే మోసేదైతే, కనెక్ట్ అయి ఉండగానే ఐపీవీ6 ట్రాఫిక్ పక్కనుంచి వెళ్లిపోవచ్చు, ఇది తెగకుండానే లీక్ అవ్వడం. కింద చెప్పే ఐపీలీక్ పేజీలో ఐపీవీ6 లైన్ దగ్గర మీ నెట్ కంపెనీ పేరు కనపడితే ఆ వీపీఎన్ వదిలెయ్యండి.

పనిచేస్తుందో లేదో మీరే చూసుకోవడం

కిల్ స్విచ్ ఆన్ అని యాప్ చెప్తే సరిపోదు, తెంపి చూడాలి. విండోస్‌లో వీపీఎన్ కనెక్ట్ చేసి సీఎండీ, అంటే కమాండ్లు టైప్ చేసే నల్ల విండో తెరవండి. అవతల సర్వర్ జవాబిస్తుందా అని అడిగే పింగ్ కమాండ్ తర్వాత గూగుల్ సర్వర్ అడ్రస్ 8.8.8.8 ఇచ్చి చివర స్పేస్, హైఫన్, టీ పెట్టండి, ఆ టీ పెడితే మీరు ఆపేదాకా సెకనుకి ఒక లైన్ చొప్పున రిప్లై పడుతూనే ఉంటుంది. ప్రతి లైన్లో టైమ్ అని మిల్లీసెకన్లు ఉంటాయి చూడండి, దాని మీదే కన్ను పెట్టండి. సర్వర్ బయట దేశంలో ఉంటే ఆ అంకె పెద్దగా ఉంటుంది, యూరప్ సర్వర్ అయితే వంద దాటిపోద్ది. ఇప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి వీపీఎన్ ప్రోగ్రాంని ఎండ్ టాస్క్ కొట్టండి. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అనో జనరల్ ఫెయిల్యూర్ అనో వరసగా పడుతూ ఉంటే శభాష్, కిల్ స్విచ్ పట్టుకుంది. అలా కాకుండా ఒకటి రెండు లైన్లు ఆగి మళ్లీ రిప్లై మొదలై, ఆ అంకె ఒక్కసారిగా వంద పైనుంచి ఇరవై ముప్పైకి పడిపోయిందంటే అది మీ ఇంటి నెట్, వీపీఎన్ కాదు. అంకె తగ్గిందని స్పీడ్ పెరిగిందనుకుని సంతోషపడకండి.

ఎండ్ టాస్క్ కొట్టినా అంకె ఏమీ మారకుండా అలాగే వస్తుంటే, మీరు మూసింది విండోని మాత్రమే, వెనకాల సర్వీస్ బతికే ఉంది, డీటెయిల్స్ ట్యాబ్‌లోకి వెళ్లి అదే కంపెనీ పేరుతో ఉన్న ఇంకో ప్రాసెస్‌ని కూడా ఆపి చూడండి. తర్వాత వైఫై ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి, ల్యాప్‌టాప్ మూత మూసి కాసేపాగి తెరవండి. స్లీప్ నుంచి లేచినప్పుడు పడే మొదటి రెండు మూడు లైన్లలోనే చాలా యాప్‌ల బండారం బయటపడుద్ది.

ఆండ్రాయిడ్‌లో అయితే ఐపీలీక్ డాట్ నెట్ లాంటి పేజీ తెరిచి ఉంచి, యాప్ ఇన్ఫోలో వీపీఎన్‌కి ఫోర్స్ స్టాప్ కొట్టి, పేజీ రిఫ్రెష్ చెయ్యండి. పేజీ రాకపోయినా ఓకే, వీపీఎన్ తనే లేచి దాని ఐపీ చూపించినా ఓకే, మీ ఊరి నెట్ కంపెనీ పేరు వస్తే మాత్రం పైన చెప్పిన రెండో స్విచ్ పడలేదన్నమాట. తర్వాత వైఫై ఆఫ్ చేసి మొబైల్ డేటాకి మారుతూ ఇంకోసారి. ఫోన్ పెద్ద అప్‌డేట్ అయినప్పుడల్లా ఈ టెస్ట్ మళ్లీ చెయ్యండి.

స్టేషన్ వైఫై, లాగిన్ పేజీ

సికింద్రాబాద్, విజయవాడ లాంటి స్టేషన్లలో రైల్‌వైర్ వైఫై, హోటల్ వైఫై, ఇవన్నీ ముందు ఒక లాగిన్ పేజీ చూపించి ఓటీపీనో రూమ్ నంబరో అడుగుతాయి. కిల్ స్విచ్ ఆన్‌లో ఉంటే చాలాసార్లు ఆ పేజీయే రాదు, ఆ పేజీ దాటకపోతే వీపీఎన్ కనెక్ట్ అవ్వదు. దిగ్బంధం. కాసేపు బ్లాక్ ఆఫ్ చెయ్యక తప్పదు, అయితే ఆ కాసేపట్లో మిగతా యాప్‌లు బయటకి పరిగెత్తకుండా చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీటర్డ్ అని పెట్టి డేటా సేవర్ ఆన్ చేస్తే బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లు చాలావరకు ఆగుతాయి. అప్పుడు వీపీఎన్ బ్లాక్ తీసి, లాగిన్ అయ్యి, వీపీఎన్ కనెక్ట్ చేసి, బ్లాక్ మళ్లీ వేసి, చివర్లో డేటా సేవర్ తియ్యండి.

నిజం చెప్పాలంటే నేనైతే సిమ్‌లో డేటా ఉన్నంతసేపు ఇలాంటి వైఫై ముట్టను. 2024 మేలో టన్నెల్‌విజన్ అనే దాడి బయటపడింది, వైఫై నడిపేవాడు మీ ల్యాప్‌టాప్‌కి ఐపీ అడ్రస్ ఇచ్చేటప్పుడే ఆ అడ్రస్‌లు పంచే పద్ధతి డీహెచ్‌సీపీలో ఒక రూట్, అంటే ట్రాఫిక్ పోయే దారి, కూడా దూర్చి ట్రాఫిక్‌ని వీపీఎన్ బయటకి లాగేస్తాడు, అప్పుడు వీపీఎన్ కనెక్టెడ్ అనే చూపిస్తుంది, తెగలేదు కాబట్టి చాలా కిల్ స్విచ్‌లు అసలు పనిచెయ్యవు. ఆండ్రాయిడ్ ఆ డీహెచ్‌సీపీ ఆప్షన్‌నే పట్టించుకోదు కాబట్టి దానికి ఈ దెబ్బ లేదు. ల్యాప్‌టాప్‌కి మీ ఫోన్ హాట్‌స్పాట్ వాడుకుని, ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ వేసుకోవడం మేలు.

చట్టం గురించి కూడా అడుగుతుంటారు. ఇండియాలో వీపీఎన్ వాడటం నేరం కాదు, జమ్మూ కాశ్మీర్‌లో కొన్ని జిల్లాల్లో మాత్రం అప్పుడప్పుడు తాత్కాలికంగా నిషేధం ఆర్డర్లు ఇస్తుంటారు, అటు వెళ్లేవాళ్లు కనుక్కుని వెళ్లండి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, ఇచ్చిన ఐపీలు లాంటివి అయిదేళ్లు దాచాలని ఉంది, అది ఇష్టంలేక ఎక్స్‌ప్రెస్, నార్డ్, ప్రోటాన్ లాంటివి ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. అందుకే మీరు ఇండియా అని ఎంచుకున్న సర్వర్ నిజానికి సింగపూర్‌లో ఉండొచ్చు, పింగ్‌లో అంకె చూస్తే అర్థమైపోద్ది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు మాత్రం వేరే లెక్క చూసుకోవాలి. యూఏఈలో నేరం చెయ్యడానికో దాన్ని దాచడానికో వీపీఎన్‌తో ఐపీ మార్చితే కనీసం 5 లక్షల దిర్హమ్‌ల నుంచి 20 లక్షల దాకా జరిమానా వేసే చట్టం ఉంది. జగిత్యాల నుంచో గోదావరి జిల్లాల నుంచో వెళ్లి ఇంటికి వీడియో కాల్ కోసం ఊరూపేరూ లేని ఫ్రీ వీపీఎన్ పెట్టుకునే తమ్ముళ్లు అలాంటి యాప్‌ల్లో సరైన కిల్ స్విచ్ ఉండటమే అరుదని, కాల్ మధ్యలో తెగితే ఆ ట్రాఫిక్ నేరుగా అక్కడి నెట్ కంపెనీకి కనపడుద్దని తెలుసుకుని, అక్కడ పర్మిషన్ ఉన్న కాలింగ్ యాప్ ఏదో కనుక్కుని అదే వాడుకోండి.